కుక్క మాత్ర మింగనంటే: ఏ మందుకు, ఏ కుక్కకు ఏ పద్ధతి

పిడుదుల వల్ల కుక్కలకు వచ్చే జ్వరానికి పశువైద్యులు ఎక్కువగా రాసే మందు డాక్సీసైక్లిన్. ఎర్లీకియా అనే బ్యాక్టీరియా అదుపులోకి రావాలంటే సాధారణంగా 28 రోజులు వేయాలి. ఆ జబ్బులో ముందుగా కనిపించేది తిండి మానేయడం. అంటే ముద్దే ముట్టని కుక్కకు, కడుపులో వికారం పుట్టించే మాత్రను, నాలుగు వారాలపాటు ఒక్క రోజూ తప్పకుండా వేయాలి. పిడుదులు ఏడాది పొడుగునా ఉండే మన ఊళ్లలో కుక్కను పెంచేవారికి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పరిస్థితే. చీటీ రాయడంతో డాక్టరు పని చాలావరకు అయిపోతుంది. మిగతా వైద్యమంతా ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

మందు వేసే పద్ధతులు చాలా ఉన్నాయి. ఒక్క పూటకు పనికొచ్చేది వేరు, నెల రోజులు సాగేది వేరు. నట్టల మందు ఒక్కసారి వేసేదే కాబట్టి నోరు తెరిచి వేసేసినా నష్టం లేదు. రోజుకు రెండుసార్లు, ఏళ్ల తరబడి వేయాల్సిన మూర్ఛ మందును అలాగే బలవంతంగా వేస్తే, వారం తిరిగేసరికి మందుల డబ్బా చప్పుడు వినగానే కుక్క మంచం కిందికి దూరుతుంది. అందుకే పద్ధతి ఎంచుకునేటప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఇది: చివరి మాత్ర వేయాల్సిన రోజున కూడా ఈ కుక్క పిలిస్తే దగ్గరికి వస్తుందా? మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు మాత్ర సంగతి తెలుసుకోండి

డాక్టరు గది నుంచి బయటికి రాకముందే మూడు విషయాలు అడగండి. తిండితో ఇవ్వవచ్చా, ఖాళీ కడుపున ఇవ్వాలా? విరిచినా, పొడి చేసినా పరవాలేదా? బాగా చేదుగా ఉంటుందా? ఈ మూడింటికి జవాబు తెలియకుండా పద్ధతి గురించి ఆలోచించడం వృథా.

డాక్సీసైక్లిన్‌ను తిండితో ఇస్తేనే మేలు, లేకపోతే చాలా కుక్కలు వాంతి చేసుకుంటాయి. అయితే ఆ తిండి పాలు, పెరుగు, పన్నీరు కాకూడదు. వాటిలోని కాల్షియం మందును పట్టుకుని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఒంట్లో బాగాలేని కుక్కకు మన ఇళ్లలో ముందుగా కలిపేది పెరుగన్నమే కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. పెరుగన్నం పెట్టాలనుకుంటే మందుకూ దానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టరును అడిగి పెట్టండి.

ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్లు తిండితో ఇచ్చేవే. పైగా ఆ మందు ఆకలిని పెంచుతుంది కాబట్టి తినిపించడం సులువవుతుంది. గుండె జబ్బుకు వాడే పిమోబెండాన్‌ను తిండికి సుమారు గంట ముందు వేయమంటారు. కడుపులో పుండ్లకు ఇచ్చే సుక్రాల్‌ఫేట్ ఖాళీ కడుపున పడాలి, మిగతా మందులకూ దానికీ సాధారణంగా రెండు గంటల ఎడం ఉండాలి. దాన్ని నీళ్లలో నానబెట్టి, పలుచగా కలిపి సిరంజితో పోస్తే మాత్రగా కంటే బాగా పనిచేస్తుంది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమిప్రజోల్ దీనికి పూర్తిగా విరుద్ధం. కడుపులోని ఆమ్లం పాడుచేయకుండా ఆ మందుకు పూత వేస్తారు, దంచితే ఆ కాపుదల పోతుంది. నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేసిన మాత్రలనూ పొడి చేయకూడదు, ఒకేసారి మోతాదంతా ఒంట్లోకి దిగుతుంది. క్యాన్సర్ మందులను విరవడం, దంచడం అసలే వద్దు. ఇంట్లో గర్భిణులుంటే వారు వాటిని చేత్తో కూడా ముట్టకూడదు.

చేదు విషయంలో మెట్రోనిడజోల్‌ను మించినది నాకు కనబడలేదు. విరేచనాలకు తరచుగా రాస్తారు. పైన పూత ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. కుక్క బరువును బట్టి సగానికి విరిచారంటే ఆ విరిగిన ముఖం నాలుకకు తగలగానే నోటి నిండా నురుగు, చొంగ. చూసినవారు విషం తిన్నదేమోనని హడలిపోతారు. ఆ నురుగు చేదు వల్ల వచ్చేదే, కాసేపటికి తగ్గుతుంది. నురుగుతో పాటు ముఖం వాచినా, దద్దుర్లు లేచినా, తూలినా మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.

తిండిలో దాచడం

కుక్క తింటున్నంతకాలం నా మొదటి ఎంపిక ఇదే. బలవంతం లేదు, కరిచే భయం లేదు, ఇంట్లో ఎవరైనా వేయగలరు. అయితే దేనిలో దాస్తున్నామన్నది ముఖ్యం. మాత్రను పూర్తిగా కప్పేలా మెత్తగా ఉండాలి, నమిలే లోపే జారిపోయేలా చిన్నదిగా ఉండాలి, మందు వాసనను మించిన వాసన రావాలి.

ఈ మూడూ కుదిరేది కోడి కాలేయానికి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించి, బొటనవేలి గోరంత ముక్కలు కోసి, చాకు మొనతో చిన్న చీలిక పెట్టి మాత్రను దూర్చాలి. ఒకసారి ఉడికించి ముక్కలను ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారం గడిచిపోతుంది. ఇచ్చే ముందు కొద్దిగా వెచ్చచేస్తే వాసన లేస్తుంది, నలతగా ఉన్న కుక్క కూడా ముక్కు ఎత్తుతుంది. కాలేయంలో విటమిన్ ఎ ఎక్కువ కాబట్టి రోజూ గిన్నెడు పెట్టకూడదు. మాత్రకు సరిపడా రెండు మూడు చిన్న ముక్కలతో ఇబ్బంది లేదు.

మాంసం వండని ఇళ్లలో ఉడికించిన చిలగడదుంప బాగా పనికొస్తుంది. మెత్తగా చిదిమితే ముద్దలా అతుక్కుంటుంది, బూరెలో పూర్ణం పెట్టినట్టు మాత్రను మధ్యలో పెట్టి మూసేయవచ్చు. కాల్షియంతో గొడవ లేని మందులకు పన్నీరు కూడా మంచిదే, మాత్ర చుట్టూ నొక్కితే అలాగే నిలుస్తుంది. చపాతీ నమలనిదే దిగదు, నమిలితే మాత్ర బయటపడుతుంది. ఇడ్లీదీ అదే సమస్య, పొడిపొడిగా విడిపోతుంది. ఉడికిన గుడ్డులో తెల్లసొన జారుతుంది, పచ్చసొన రాలిపోతుంది. పచ్చసొనను కొంచెం నీళ్లతో మెదిపి ముద్ద చేస్తే నయం. అరటిపండు కొన్ని కుక్కలకు ప్రాణం, కొన్ని వాసన కూడా చూడవు.

నెయ్యి, వెన్న, మీగడ మాత్రను చక్కగా జార్చేస్తాయి. అందుకే చాలామంది వాటినే వాడతారు. కానీ క్లోమం వాచిన కుక్కకు కొవ్వు చాలా ప్రమాదం, ఒకసారి ఆ వాపు (పాంక్రియాటైటిస్) వచ్చి తగ్గినదానికి కూడా పెట్టకూడదు. మధుమేహం ఉన్న కుక్కకు బెల్లం, గుండె లేదా మూత్రపిండాల జబ్బున్న కుక్కకు ఉప్పు ఉన్న చీజ్, ఎండుచేప పనికిరావు. వేరుశనగ వెన్న డబ్బా కొంటే లేబుల్ మీద జైలిటాల్ ఉందేమో చూడండి. చక్కెరకు బదులు వాడే ఆ పదార్థం కొద్ది మోతాదులోనే కుక్క ప్రాణం తీయగలదు. ప్రసాదం లడ్డూలో మాత్ర పెట్టి ఇవ్వడం కూడా కొన్ని ఇళ్లలో ఉంది. అందులోని ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, దయచేసి మానండి.

మాత్ర పెట్టేందుకు గుంట ఉన్న మెత్తటి తినుబండారాలు పిల్ పాకెట్ల పేరుతో పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి. ప్రయాణాల్లో సౌకర్యం. రోజూ వాడాలంటే ఖర్చు ఎక్కువ, కాలేయం ముక్క కంటే బాగా పనిచేస్తాయని కూడా నాకు అనిపించలేదు.

ఇచ్చే తీరులో ఉంది అసలు కిటుకు. మూడు ముద్దలు సిద్ధం చేయండి. మొదటిది ఖాళీది, రెండోదానిలో మందు, మూడోది ఖాళీది. మొదటిదానితో నమ్మకం కుదురుతుంది. రెండోది నోట్లో ఉండగానే మూడోదాన్ని ముక్కు ముందు చూపిస్తే, నమలడానికి ఆగకుండా మింగేస్తుంది. మాత్రను ముట్టుకున్న చేత్తో ముద్ద పైభాగాన్ని ముట్టుకోకండి, కుక్క ముక్కుకు ఆ మాత్రం వాసన చాలు. భోజనం తర్వాత కాకుండా ముందు, కడుపులో ఆకలి ఉండగా ఇవ్వండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే ఎదురుగా కూర్చోబెట్టి దానికీ ఖాళీ ముద్దలు పెట్టండి, పోటీలో అనుమానం పక్కకుపోతుంది. మందు ముద్ద దాని నోట్లో పడకుండా చూసుకోవాలి, అంతే.

చాలా ఇళ్లలో దీనికి బదులు మాత్రను దంచి అన్నం గిన్నెలో కలిపేస్తారు. నేను దీన్ని దాదాపు ఎప్పుడూ సూచించను. గిన్నె అంతా చేదవుతుంది, కుక్క సగం తిని వదిలేస్తే మందు ఎంత వెళ్లిందో ఎవరికీ తెలియదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. నలతగా ఉన్న కుక్క ఆ తిండికీ వికారానికీ ముడిపెట్టుకుంటుంది. మూత్రపిండాల జబ్బుకు ప్రత్యేక ఆహారం పెడుతున్న కుక్క ఆ ఆహారమే మానేసిందంటే మందు కోసం అంతకంటే విలువైనదాన్ని పోగొట్టుకున్నట్టే.

చేత్తో నేరుగా వేయడం

తిండి ముట్టని కుక్కకు, ఖాళీ కడుపున వేయాల్సిన మాత్రకు ఇది అవసరమవుతుంది. నేర్పు వచ్చాక కొన్ని క్షణాల పని. మొదటిసారి డాక్టరు దగ్గరే చేసి చూపించమని అడగండి.

కుక్కకు ఎదురుగా నిలబడకండి, పక్కన కూర్చోండి. చిన్నదైతే వెనుక భాగం మీ ఒడికి ఆనించండి. ఒక చేత్తో పైదవడను మీదుగా పట్టుకోవాలి, బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు మరోవైపు కోరపళ్ల వెనుక ఉండాలి. మూతిని కొద్దిగా పైకెత్తితే కింది దవడ వదులవుతుంది. రెండో చేతి వేలితో ముందుపళ్ల దగ్గర కింది దవడను దించి, మాత్రను నాలుక మధ్యలో, వీలైనంత వెనక్కి వేయాలి. పక్కకు పడితే కుక్క బయటికి తోసేస్తుంది. నోరు మూసి, తలను మామూలు స్థితికి తెచ్చి గొంతును మెల్లగా నిమరండి. నాలుక బయటికి వచ్చి ముక్కును నాకిందంటే చాలావరకు మింగినట్టే.

ఇక్కడితో ఆపేయకూడదు. పొడిగా వేసిన మాత్రలు, ముఖ్యంగా క్యాప్సూళ్లు, అన్నవాహికలో అంటుకుపోతాయి. డాక్సీసైక్లిన్ అలా ఒకచోట నిలిచిపోతే లోపల పుండు పడవచ్చు, తర్వాత అన్నవాహిక సన్నబడవచ్చు. పిల్లులలో ఇది ఎక్కువగా చూస్తారు, కుక్కలకూ ఆ ప్రమాదం ఉంది. మధ్యస్థంగా ఉండే కుక్కకు మాత్ర వెంటే 5 నుంచి 10 మిల్లీలీటర్ల నీటిని సిరంజితో చెంపలోకి మెల్లగా వదలండి, లేదా తిండితో ఇవ్వదగిన మందైతే ఇష్టంగా తినేది ఏదైనా ఒక ముద్ద పెట్టండి.

వేళ్లు నోట్లో పెట్టడానికి భయపడేవారికి మాత్రను పట్టి వదిలే ప్లాస్టిక్ సాధనం ఉంది, పిల్ గన్ అంటారు. చివర మెత్తటి రబ్బరు ఉన్నదే కొనండి. గట్టిగా పొడిస్తే గొంతు వెనుక గాయమవుతుంది. చిన్న నోరున్న కుక్కలకు వేళ్ల కంటే ఇదే నయం.

మెడ ఎముకల నొప్పి ఉన్నవాటికి తల పైకెత్తే ఈ పద్ధతి వద్దు. పగ్, షిట్జూ వంటి పొట్టి ముక్కు కుక్కలకు నోరు ఎక్కువసేపు మూసి పట్టకూడదు, ఊపిరి అందదు. గుర్రుమని పళ్లు చూపించే కుక్కతో అసలు ప్రయత్నించకండి. అది భయంతో ఇచ్చే హెచ్చరిక, దాన్ని గౌరవించాలి. ఆ కుక్కకు వేరే దారి చూడాలి.

ద్రవ మందు, ఖాళీ క్యాప్సూల్

కుక్కపిల్లలకు, చిన్న జాతులకు సిరప్ సులువనిపిస్తుంది. మోతాదును సరిగ్గా కొలవవచ్చు. తల నిటారుగా లేపి గొంతులోకి ఒక్కసారిగా పోస్తే మాత్రం మందు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిపెట్టవచ్చు. తల మామూలుగా ఉండగానే, కోరపంటి వెనుక చెంప సంచిలోకి సిరంజి మొన పెట్టి, కొద్దికొద్దిగా, మింగడానికి సమయమిస్తూ వదలాలి. పాతిక కిలోల లాబ్రడార్‌కు సిరప్ అంటే పోయాల్సిన పరిమాణమే ఎక్కువైపోతుంది, దానికి మాత్రే మేలు. మనుషుల మందుల దుకాణంలో కొన్న సిరప్ అయితే జైలిటాల్, పారాసిటమాల్ వంటివి కలిసి ఉన్నాయేమో డాక్టరుకు సీసా చూపించి నిర్ధారించుకోండి. నీళ్లు కలిపి తయారుచేసే అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన యాంటీబయాటిక్ సిరప్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి, సాధారణంగా వారం దాటితే పారేయాలి.

దీర్ఘకాలం సిరంజి వాడాల్సి వస్తే మందు లేని పూటల్లో అదే సిరంజితో ఉప్పులేని కోడి ఉడికించిన నీళ్లు నాకించండి. కొన్నాళ్లకు సిరంజి కనబడగానే అదే దగ్గరికి వస్తుంది. ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితం ఇచ్చే పని మరొకటి లేదు.

చేదు మందులకు నేను ఎక్కువగా చెప్పేది ఖాళీ జెలటిన్ క్యాప్సూళ్ల గురించి. అంకె పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది, మూడు సున్నాలది అన్నిటికంటే పెద్దది, 5 చిన్నది. విరిచిన మెట్రోనిడజోల్ ముక్కను ఇందులో వేసి మూస్తే వాసన, చేదు లోపలే ఉండిపోతాయి. ఆ క్యాప్సూల్‌ను కాలేయంలో దూర్చవచ్చు. ఒకే పూట మూడు నాలుగు చిన్న మాత్రలు పడాల్సిన ముసలి కుక్కకు, అవన్నీ కలిసి ఇవ్వదగినవని డాక్టరు చెబితే, ఒక్క క్యాప్సూల్‌లో సర్దేయవచ్చు. నాలుగుసార్లు పెట్టే ఇబ్బంది ఒక్కసారితో తీరుతుంది. మింగాక నీళ్లు పట్టించడం ఇక్కడ మరీ అవసరం, తడిసిన జెలటిన్ గొంతులో అంటుకునే గుణం కలది.

మందు రూపాన్నే మార్చడం

ఇంట్లో పోరాటం మొదలయ్యాక చాలామంది ఇంకా గట్టిగా పట్టుకోవడం ఎలాగని ఆలోచిస్తారు. ఆ శ్రమకు ముందు డాక్టరుకు ఫోన్ చేసి ఇదే మందు వేరే రూపంలో ఉందా అని అడగడం మంచిది. నొప్పి మందులు కొన్ని మాంసం రుచితో నమిలే మాత్రలుగా వస్తాయి. పిడుదులకు, గోమార్లకు నెలకొకసారి ఇచ్చే అఫాక్సోలనర్, సుమారు 12 వారాలు పనిచేసే ఫ్లూరలనర్ నమిలే మాత్రల్లో ఉన్నాయి. అవి కూడా ముట్టకపోతే మెడ వెనుక చర్మం మీద వేసే చుక్కల మందు ఉంది. మూర్ఛ చరిత్ర ఉన్న కుక్కకు ఈ తరగతి మాత్రలు వేసే ముందు ఆ విషయం తప్పక చెప్పండి. వీటి వల్ల కొన్ని కుక్కలకు మూర్ఛ రావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది.

ఆగకుండా వాంతులు చేసుకుంటున్న కుక్కకు మొదటి రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఇంజెక్షన్లు వేయించి, వికారం తగ్గి తిండి తినడం మొదలయ్యాక మాత్రలకు మారడం పిడుదుల జ్వరంలో మంచి దారి. తిరిగే ఖర్చు అవుతుంది. తినని కుక్క నోట్లోకి మాత్రలు కుక్కి, అవన్నీ వాంతిలో పోగొట్టుకోవడం కంటే అదే నయం.

వీధి కుక్కలకు మందు వేసేవారికి ఈ ఎంపిక ఇంకా ముఖ్యం. పట్టుకోవడం కుదరదు, రోజుకు రెండు పూటలు కనబడుతుందన్న నమ్మకమూ లేదు. అందుకే రోజుకు ఒకసారి చాలే మందు, లేదా ఒక్క మాత్రతో వారాల పాటు పనిచేసే మందు ఉందేమో అడగండి. గజ్జితో ఒళ్లంతా వెంట్రుకలు ఊడిపోయిన కుక్కకు రోజూ పూత మందు రాయడం సాధ్యం కాదు. పైన చెప్పిన పిడుదుల మాత్రలు గజ్జి పురుగు మీద కూడా పనిచేస్తాయి కాబట్టి డాక్టరు బరువు అంచనా వేసి రాస్తే ఒక ముద్దతో పని మొదలవుతుంది. గుంపులో కాకుండా ఆ కుక్కను పక్కకు పిలిచి, ఖాళీ ముద్దతో మొదలుపెట్టి, మందు ముద్ద మింగేదాకా అక్కడే నిలబడండి. నేల మీద పెట్టి వెళ్లిపోతే అది ఎవరి కడుపులోకి పోతుందో చెప్పలేం.

మీ పరిస్థితికి ఏది

తింటున్న కుక్క, తక్కువ రోజుల మందు అయితే కాలేయం, మూడు ముద్దల పద్ధతి తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. తింటున్నదే కానీ మందు చేదుగా ఉంటే ముందు క్యాప్సూల్, ఆపై ముద్ద. ముద్దను విప్పి మాత్రను మాత్రమే ఉమ్మేసే గడుసు కుక్కలుంటాయి, వాటికి దాచే పదార్థాన్ని రెండు మూడు రోజులకొకసారి మార్చండి. కొన్ని కుక్కలు ఇంట్లో అనుమానించిన ముద్దనే బయట నడిచేటప్పుడు ఇస్తే వెంటనే మింగేస్తాయి. తినని కుక్కకు ఒకటి రెండు రోజులైతే చేత్తో వేయండి, అంతకంటే ఎక్కువైతే ఇంజెక్షన్ గురించి అడగండి. కరిచే కుక్కకు దాచడం, రూపం మార్చడం, ఈ రెండే. జీవితాంతం వేయాల్సిన మందుకు రోజూ ఒకే చోట, ఒకే వేళ, తర్వాత తప్పకుండా ఇష్టమైనది ఏదైనా పెట్టే అలవాటు చేయండి. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్ 12 గంటలకొకసారి పడాలి, హఠాత్తుగా ఆగితే మూర్ఛలు తిరగబెడతాయి. అందువల్ల ఆ ఇంట్లో కనీసం ఇద్దరికి మందు వేయడం వచ్చి ఉండాలి.

మింగిన కాసేపటికే వాంతి అయితే అందులో మాత్ర కనిపించిందో లేదో చూడండి. ఎంతసేపటికి వాంతి అయిందో రాసుకుని డాక్టరును అడిగాకే మళ్లీ వేయండి. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండింతలు వేయకూడదు. వరుసగా రెండు పూటలు మాత్ర లోపలికి వెళ్లకపోతే మూడో పూట దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేయండి. జ్వరం తగ్గి తోక ఊపుతోందని నాలుగు వారాల మందును పదో రోజున ఆపేయాలనిపించినా, ఆ నిర్ణయం రక్తపరీక్ష చూసి డాక్టరు తీసుకోవాల్సిందే.